రెండో పంటిగాటు

పోయినవారం మిమ్మల్ని నిచ్చెన మీద నిలబెట్టి వదిలేశాను. తప్పే. కానీ మీతోపాటు నేనూ వారంరోజులు అదే మెట్టు మీద నిలబడి ఉన్నాను కదా, నా మోకాళ్ళని కూడా కాస్త తలుచుకోండి.

ఈవారమే వచ్చి కూర్చున్నవాళ్ళకి నాలుగు ముక్కలు. నా పేరు మస్తూర. కోకంద్ పాతవాడలో ఒక మట్టిగోడల ఇంటికి పెద్దకోడల్ని. మా ఆయన తాపీపనికి రష్యా వెళ్ళి ఏడేళ్ళయింది. మొదట్లో ఫోన్లు వచ్చేవి, తర్వాత అవీ లేవు. పిల్లల్లేరు. ఇంట్లో మా అత్తయ్య హోజర్, మరిది దియోర్, నేను. ఇప్పుడు దియోర్‌కి పెళ్ళి కుదిరింది. పిల్ల తరఫువాళ్ళు ఒకే ఒక్క షరతు పెట్టారు. పెళ్ళికూతురి గదికి యెవ్రోరెమోంట్ చేయించాలి.

యెవ్రోరెమోంట్ అంటే యూరప్‌లో ఉన్నట్టు గదిని బాగుచేయడం. తెల్లగా చదునుగా ఉండే పైకప్పు, అందులో పొదిగిన దీపాలు, ప్లాస్టిక్ కిటికీ. యూరప్‌లో మనుషులు నిజంగా అలాగే ఉంటారో లేదో మా వాడలో ఎవరికీ తెలీదు. అయినా ఒకరింట్లో చేయిస్తే పక్కింటివాళ్ళకి ఆ రాత్రి నిద్రపట్టదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. మా అత్తయ్య రెండూ ఒక్క వసంతంలోనే చూద్దామని కూర్చుంది, చేతిలో చూస్తే ఏమీ లేదు. అందుకని కూల్చేసిన పిల్లలబడి కిటికీ చవగ్గా తెచ్చాం. నేలకి పరిచే పలకలు మా అన్నయ్య బట్టీవి, రిష్తాన్‌లో మా అన్నయ్య నూమోన్ కుమ్మరి, కాల్చేటప్పుడు వంకరపోయినవన్నీ మాకే. పనివాళ్ళ బదులు హషర్ పెట్టాం. అంటే వాడ మొత్తం వచ్చి కూలి లేకుండా మన ఇంటికి మట్టి మెత్తిపోతుంది, మనం కడుపునిండా పలావు పెట్టాలి. రేపు వాళ్ళ గోడ కూలితే మన కాళ్ళు వాళ్ళ అడుసులో ఉండాలి.

పెళ్ళికూతురికి ఇచ్చిన గది నాది. ఎండ బాగా పడేది అదొక్కటే. నన్నెవరూ బలవంతపెట్టలేదు, అడిగారు, సరేనన్నాను. నా పెట్టె వంటింటి పక్క కొట్లో పెట్టుకున్నాను. ఈమధ్య ఎవరేమడిగినా సరేననేస్తున్నాను. పన్ను పీకడానికి సూది వేశాక దవడ ఎలా ఉంటుందో నా ఒళ్ళంతా అలా ఉంది. నొప్పి లేదు. నాదన్న ధ్యాస కూడా లేదు.

ఒక్కదానికి మాత్రం సరేనని అనలేదు. మా అన్నయ్య ఏటా రెండుసార్లు వచ్చి, "ఇంక చాలే, పుట్టింటికి వచ్చెయ్యి, నీకు వేరే సంబంధం చూస్తాను" అంటాడు. "రొట్టె వేలాడుతోందిగా అన్నయ్యా, ఎలా వస్తాను?" అంటాను.

దూరం వెళ్ళేవాడు గడప దాటేముందు రొట్టె ఒక్కసారి కొరికి వెళ్ళాలి. మిగిలినదాన్ని గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తారు. ఎవరూ ముట్టకూడదు. వాడే తిరిగొచ్చి తినాలి. ఆ రొట్టె వాడిని వెనక్కి లాక్కొస్తుందని మా నమ్మకం. మా ఆయన రొట్టె నా గది దూలానికి ఏడేళ్ళుగా వేలాడుతోంది. పైకప్పుకి అట్టపలకలు కొట్టాలంటే అది దించక తప్పదు. దించాం. గుడ్డ చిరిగి రొట్టె నా చేతిలోకి వచ్చింది.

రొట్టెకి రెండు గాట్లున్నాయి. పోయినవారం మనం ఆగింది ఇక్కడే.

"ఎలుక పనేనమ్మా," అన్నాడు పైన చెక్కమీద బోర్లాపడుకున్న ఎర్గాష్ మేస్త్రి, తల కిందికి వేలాడేసి. "ఎలుకలకి పాత రొట్టెంటే హల్వా."

"ముడి విప్పి తిని మళ్ళీ ముడేయడం కూడా వచ్చా మేస్త్రీ, మీ ఎలుకలకి?"

"మావి కాదమ్మా, మీ ఇంటివి. చదువుకున్నవేమో," అని మళ్ళీ మేకులు పీక్కోవడంలో పడ్డాడు.

నేను రొట్టెని వెలుగులోకి తిప్పాను. మొదటి గాటు నాకు తెలిసిందే. నా ఎదురుగానే కొరికారాయన. ఆయన ముందుపన్ను ఒకటి సగం విరిగిపోయి ఉంటుంది, చిన్నప్పుడు ద్వారబంధం మీద పడ్డారట. అందుకే గాటు మధ్యలో చిన్న గట్టు మిగిలింది. రెండోది అవతలి అంచున ఉంది. అక్కడ రొట్టె నాని, ఉబ్బి, మళ్ళీ ఎండినట్టుంది. అంచంతా టీ రంగు. ఎండిన రొట్టెని టీలో ముంచితే తప్ప పన్ను దిగదు కదా. ఆ గాటు మధ్యలో కూడా అదే గట్టు.

వెళ్ళేటప్పుడు ఒక్కసారే కొరుకుతారు. రెండోసారి నోరు పెట్టేది తిరిగొచ్చినప్పుడే.

ఆయన వచ్చారు. ఈ ఇంటికి వచ్చారు, టీ తాగారు, రొట్టె తిన్నారు. నేను లేనప్పుడు.

కాళ్ళకింద నేల కదలాలి. ఏడుపు రావాలి. ఏదీ రాలేదు. నిచ్చెన దిగి, రొట్టెని కొంగులో చుట్టుకుని, మెత్తిన మట్టి ఆరకముందే నున్నగా అలకడానికి తడిగుడ్డ ఎవరైనా తీసుకురండి అని కేక కూడా వేశాను. నా గొంతే అది, మామూలుగానే ఉంది.

నేను ఈ గడప దాటి రాత్రిళ్ళు బయట ఉన్నది ఒక్కసారే. రెండేళ్ళ కింద మా నాన్న పోయినప్పుడు రిష్తాన్ వెళ్ళి, నలభయ్యోరోజు అయ్యేదాకా ఉన్నాను. తిరిగొచ్చేసరికి రొట్టెమూట గుడ్డ మారి ఉంది. నేను కట్టింది నా పెళ్ళి ఓణీ ముక్కతో, అక్కడున్నది అత్తయ్య తెల్ల తలగుడ్డ. "పాతగుడ్డ చీకిపోయిందే, మార్చాను," అంది అత్తయ్య. నేను నమ్మాను. ఎందుకు నమ్మను?

పెరట్లో హషర్ జోరుమీద ఉంది. ప్యాంట్లు మోకాళ్ళదాకా మడిచిన మగవాళ్ళు గడ్డి కలిపిన అడుసు తొక్కుతున్నారు. పొయ్యి పక్కన చాపమీద అత్తయ్యా, పక్కింటి బహ్రీ పిన్నీ పలావుకి క్యారెట్లు తరుగుతున్నారు. అత్తయ్యకి మూడేళ్ళ కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, ఇప్పుడు ఛాతీదాకా లేస్తుంది, అంతకంటే పైకి లేవదు. క్యారెట్‌ని ఆ చేత్తో అదిమిపట్టి ఎడంచేత్తో కోస్తుంది. కోసినవి కొన్ని వేలంత లావు, కొన్ని దారమంత సన్నం.

"రావే మస్తూరా, కూర్చో," అంది బహ్రీ పిన్ని. "మీ మేస్త్రి చూడు, వాడి కొలతలు మా ఆయన మాటల్లాంటివి. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా ఆయన్ని ఇంట్లోనే పడుకోబెట్టాల్సింది, ఇక్కడికొచ్చి ఆయన తొక్కేదేముంది, ముచ్చట్లు తప్ప!"

"పిన్నీ, నూనె కాగుతోంది. ఉప్పు తక్కువుంది, మీ ఇంట్లోంచి కాస్త తెస్తావా?"

ఆవిడ నా ముఖం చూసింది, ఉప్పుడబ్బా చూసింది. డబ్బా నిండుగానే ఉంది. ఏమనుకుందో ఏమో, లేచి వెళ్ళిపోయింది.

నేను ఆవిడ కత్తి తీసుకుని ఆవిడ చోట్లో కూర్చున్నాను. ఒక క్యారెట్ తరిగాను. ఇంకోటి తరిగాను.

"అత్తయ్యా, మీ చెయ్యి ఎంత పైకి లేస్తుంది?"

"ఏం, కొత్తగా అడుగుతున్నావు? రోజూ నూనె రాసేది నువ్వేగా."

"దూలందాకా లేస్తుందా?"

కత్తి ఆగింది. నేను కొంగు విప్పి రొట్టెని తిన్నగా ఆవిడ ముందు చాపమీద పెట్టాను. రొట్టెని బోర్లా పెట్టడం మాలో పాపం, అది మరిచేంత మతి పోలేదు నాకు.

"గుడ్డ మార్చానన్నారు. పక్కింటి పిల్లాణ్ణి నిచ్చెన ఎక్కించారనుకున్నాను. ఎవరు కట్టారు దీన్ని?"

"ఎలుక..."

"ఎలుక సంగతి మేస్త్రి చెప్పాడు. మీరు ఇంకోటి చెప్పండి."

అత్తయ్య చుట్టూ చూసింది. అడుసులో మగవాళ్ళు ఏదో పాట ఎత్తుకున్నారు. మామీద ఎవరి కన్నూ లేదు. "గొంతు తగ్గించు," అంది.

"నేను గొంతు ఎత్తలేదు అత్తయ్యా. ఎత్తుదామన్నా రావడంలేదు."

ఆవిడ క్యారెట్ వైపు చూస్తూనే అంది. "వాడే కట్టాడు. సగం కూడా గొంతు దిగలేదు వాడికి. 'అమ్మా, రొట్టె పారేయలేం కదా' అని వాడే నిచ్చెనేసుకుని మళ్ళీ కట్టాడు."

ఇంకెవరైనా అయితే ఆ రొట్టెని కుక్కకి వేసి చేతులు దులుపుకునేవాళ్ళు, ఈ సంగతి నా జన్మలో తెలిసేది కాదు. మేం రొట్టె పారేయం. నేలమీద చిన్న ముక్క కనపడితే ముద్దుపెట్టుకుని గోడమీద పెట్టే జనం. కొడుకు వచ్చిన సంగతి దాచగలిగిన మనిషి, రొట్టెని పారేసే పాపం మాత్రం చెయ్యలేకపోయింది.

"పత్రాల్లేవని అక్కడ పట్టుకుని లోపల వేశారట," అంది. "అందుకే ఫోన్లు లేవు. వదిలాక పంపేశారు. సాయంత్రంపూట వచ్చాడు, ఒళ్ళంతా ఎముకలు. రాగానే అడిగింది నీగురించే. నేనెలా ఉన్నానని తర్వాత అడిగాడు. నాకు చెయ్యి పడిపోయిందన్న సంగతే వాడికి తెలీదు."

"ఏం చెప్పారు?"

"ఇక్కడ పని దొరకదన్నాడు. నిన్ను తీసుకుని వేరే ఊరు పోతానన్నాడు."

"ఏం చెప్పారు అత్తయ్యా?"

"అప్పుడు నేనెలా ఉన్నానో నీకు గుర్తులేదా? నా తల దువ్వేది నువ్వు. నాకు ముద్ద పెట్టేది నువ్వు. పసిపిల్లకి కడిగినట్టు నాకు కడిగేదానివి. నలభై రోజులు నువ్వు లేకపోతే ఈ బహ్రీ రోజుకొకసారి వచ్చి ముక్కు మూసుకుని పోయేది. దియోర్ చూస్తే మగపిల్లాడు. నువ్వు పోతే నా గతేమిటి?" ఇంకో క్యారెట్ అందుకుంది. "నువ్వు వాడి ముఖం చూడనన్నావని చెప్పాను. వాడొస్తున్నాడని తెలిసి పుట్టింటికి పోయావని చెప్పాను. వాడు ఈ ఇంట్లో ఉంటే నువ్వు తిరిగిరావనీ, వాడు పోతే వచ్చి నన్ను చూసుకుంటానన్నావనీ చెప్పాను."

"నమ్మారా?"

"ఏళ్ళ తరబడి కబురులేనివాడు ఏ ముఖంతో నమ్మకుండా ఉంటాడు? 'అయితే నేనే పోతాను, నిన్ను చూసుకునే మనిషి ఉండాలి కదమ్మా' అన్నాడు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళ కాకముందే, దియోర్ పని నుంచి వచ్చేలోపే వెళ్ళిపోయాడు."

నేను తరగడం ఆపలేదు. క్యారెట్లు సన్నగా, సమంగా వస్తున్నాయి, ఎప్పటికంటే బాగా వస్తున్నాయి. ఆవిడ మాట్లాడుతోంది ఎవరో పక్కవీధి కోడలి గురించి అన్నట్టుంది నాకు.

"మీ కడుపున పుట్టిన కొడుకు అత్తయ్యా."

"తెలుసే!" అంది, మొదటిసారి నాకేసి చూసి. "నాకు తెలీదా? ఇద్దర్లో ఒకర్నే ఉంచుకోగలిగాను. వాడు ఎలాగూ పోయేవాడు. నువ్వు ఉండేదానివి. ఉండేదాన్ని ఉంచుకున్నాను." పడిపోయిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. "తిట్టు. కొట్టు. ఈ చేతికి నూనె నువ్వే రాశావు, నువ్వే విరిచెయ్యి."

తిట్లు వెతుక్కున్నాను. మా అమ్మ దగ్గర మంచి తిట్లు నేర్చుకున్నాను నేను, ఒక్కటి కూడా నోటికి రాలేదు. కడిగిన రెండేళ్ళు, దువ్విన తల, అన్నయ్యని వెనక్కి పంపిన రోజులు, అన్నీ వరసగా కళ్ళముందు పోయాయి. వాటిని చూస్తే జాలిగానీ కోపంగానీ కలగలేదు. ఇంత మొద్దుబారిపోయానా అనుకున్నాను, ఆ ఒక్కదానికి మాత్రం భయమేసింది.

"సొబిర్ ఎక్కడున్నాడు?"

అత్తయ్య ఉలిక్కిపడింది. మాలో భార్య భర్త పేరు పలకదు. పెళ్ళయ్యాక ఆ పేరు నా నోట్లోంచి రావడం అదే మొదటిసారి.

"ఎక్కడున్నాడని అడిగాను."

ఆవిడ జవాబు చెప్పేలోపే పెరటి తలుపు తోసుకుని దియోర్ వచ్చాడు. తెల్లవారుజామునే ట్రాక్టరు మీద ఏటిగట్టుకి వెళ్ళి ఇంకో విడత మట్టి, గడ్డి వేసుకుని ఇప్పుడే వచ్చాడు పిల్లాడు. మోకాళ్ళదాకా అడుసు, తలనిండా గడ్డిపరకలు, ముఖం చూస్తే పండగ.

"అమ్మా, పలావు ఎంతసేపు? మనుషులు ఆకలితో నన్ను తినేలా ఉన్నారు. అన్న వచ్చేలోపు..."

నన్ను చూశాడు. నోరు అలాగే ఉండిపోయింది.

"వదినా, నువ్వు రిష్తాన్ వెళ్ళలేదా?"

అప్పుడు వెలిగింది నాకు. నిన్నటినుంచి అత్తయ్య ఒకటే పోరు, పలకలు నువ్వే వెళ్ళి తెచ్చుకో, ఎవర్నీ నమ్మకు, పగిలినవి అంటగడతారు, మీ అన్న ఇంట్లో రెండ్రోజులుండి రా అని. సొంత అన్నయ్య నాకు పగిలినవి అంటగట్టడమేమిటో నాకప్పుడే అర్థంకాలేదు. కానీ పొద్దున్నే ఎవరో ఇటు వస్తుంటే వాళ్ళ కారులో పలకలు పంపేశాడు నూమోన్. నేను కదల్లేదు.

"వెళ్ళలేదు," అన్నాను. "ఎవరు వస్తున్నారు దియోర్?"

వాడు అమ్మకేసి చూశాడు. అమ్మ క్యారెట్లకేసి చూసింది.

"అమ్మ కాదు, నేనడుగుతున్నాను."

"వదినా, నువ్వు కోప్పడతావని..." అడుసు కాళ్ళు తడబడుతూ నిలబడ్డాడు. "అన్న అందిజాన్‌లో పనిచేస్తున్నాడు. నాకు పోయిన నెలే తెలిసింది, అమ్మ చెప్పింది. ఆయన పేరెత్తితే నువ్వు నొచ్చుకుంటావని, నీ దగ్గర ఎత్తొద్దంది. నువ్వు చూడనన్నావట కదా. అది నీ ఇష్టం, నేను తప్పు పట్టడంలేదు. కానీ నా పెళ్ళిగదికి మట్టి మెత్తుతుంటే అన్న చెయ్యి పడకపోతే ఎలా వదినా? తాపీ పట్టుకోవడం నాకు నేర్పిందే ఆయన. బతిమాలాను. నువ్వు ఇంట్లో ఉండవని ఒట్టేస్తే వస్తానన్నాడు. మీ వదినని ఇబ్బంది పెట్టలేనురా అన్నాడు. ఒట్టేశాను." వాడి కళ్ళనిండా నీళ్ళు. "ఇప్పుడు బస్సు దిగుంటాడు."

ఇబ్బంది పెట్టలేనన్నాడట. అందిజాన్ నుంచి ఇక్కడికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి వచ్చేయొచ్చు. అంత దగ్గర్లో రెండేళ్ళు ఉన్నాడు ఆ మనిషి. నన్ను ఇబ్బంది పెట్టకూడదని.

ఛాతీలో ఏదో కదిలింది. సూదిమందు దిగిపోయేటప్పుడు దవడలో మొదట సలుపు మొదలవుతుంది చూడండి, అలా. నొప్పే. అయినా నాదే అనిపించింది. కత్తి కింద పెట్టేశాను.

"నేను చూడనన్నానని నీకు చెప్పింది ఎవర్రా?"

దియోర్ మెల్లగా వాళ్ళమ్మ వైపు తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే ఉండిపోయాడు. పిల్లాడి ముఖంలో పండగ ఆరిపోవడం నా కళ్ళతో చూశాను.

"అమ్మా?" అన్నాడు.

అత్తయ్య తలగుడ్డ కొసతో నోరు మూసుకుంది.

ఈలోపే బహ్రీ పిన్ని ఉప్పుతో వచ్చేసింది, నూనెలో ఉల్లిపాయలు మాడుతున్నాయని గోల పెట్టింది, ఎర్గాష్ మేస్త్రి గదిలోంచి పైకప్పు దూలాలు బాగానే ఉన్నాయి వీటిని అట్టతో మూయడం దండగ అని అరిచాడు. నేను లేచి చేతులు కడుక్కున్నాను. తలగుడ్డ సర్దుకున్నాను. మోచేతిదాకా అంటిన మట్టి కడుక్కోలేదు. హషర్ ఇంట్లో మట్టి అంటితే సిగ్గేమిటి?

అప్పుడు వీధి తలుపు గొలుసు మోగింది. గట్టిగా కాదు. వద్దంటే వెళ్ళిపోదామని కొట్టే మనిషి కొట్టినట్టు, రెండుసార్లు.

అడుసులో పాట ఆగిపోయింది. దియోర్ కదల్లేదు. అత్తయ్యే ఎడంచెయ్యి నేలకి ఊని, మూలుగుతూ లేవబోయింది. "నేను తీస్తాను, నువ్వు లోపలికి పో మస్తూరా, నీ కాళ్ళు పట్టుకుంటాను, వాడితో ముందు నన్ను మాట్లాడనీ..."

భుజంమీద చెయ్యివేసి ఆవిడని మళ్ళీ చాపమీద కూర్చోబెట్టాను. పెద్ద బలం అక్కర్లేకపోయింది.

"కూర్చోండి అత్తయ్యా. పెద్దకోడలు ఇంట్లో ఉండగా తలుపు మీరు తీయడమేమిటి?" అని వీధి వాకిలికేసి నడిచాను.